ఊరూరి చెడుగుడుకు ఒక లీగు

సంక్రాంతి దినములలో చెడుగుడు పోటీలు జరుపుట కోనసీమ గ్రామములకు క్రొత్త కాదు. కోతలు ముగిసి, ధాన్యము ఇల్లు చేరి, అల్లుండ్రు వచ్చియున్న వేళ హైస్కూలు ఆవరణలోనో, కోసిన చేనిలోనో మట్టి గుల్లచేసి, సున్నపు గీతలు గీసి, దీపములు కట్టి రాత్రి ప్రొద్దుపోవువరకు ఆడించుచున్నారు. చుట్టుప్రక్కల ఊళ్ల జనమంతయు వచ్చి చూచుచున్నారు. ఇందులో మెచ్చుకొనదగినది చాల కలదు. అయినను పంచాయతీ సభ్యులు ఒక చిన్న లెక్క వేసి చూడవలెనని మేము కోరుచున్నాము.

పోటీకి 16 జట్లు వచ్చినవనుకొందము. ఓడిన జట్టు వెళ్ళిపోవు పద్ధతిలో మొదటి విడతలోనే 8 జట్లు ఇంటిదారి పట్టును. రెండవ విడతలో మరి నాలుగు. మొత్తము 15 ఆటలతో విజేత తేలిపోవును. లంక గ్రామమునుండి రేవు దాటి వచ్చిన పిల్లలు నెల దినములు సాధన చేసి, 40 నిమిషములు ఆడి, ఓడి, మరల పడవ ఎక్కుదురు. తరువాత సంక్రాంతి వచ్చువరకు వారికి ఆట లేదు. ఆడితేగాని ఆట రాదు. ఓడినవానికే ఎక్కువ ఆట కావలెను. మన పద్ధతి ఓడినవానికి తక్కువ ఆటను, గెలిచినవానికి ఎక్కువ ఆటను పెట్టుచున్నది.

ఇంకొక చిక్కు కూడ కలదు. ఒక్క ఓటమితో అంతయు పోవునన్న భయము, గెలిచినచో పెద్ద నగదు బహుమతి వచ్చునన్న ఆశ, ఈ రెండును కలిసినచోట బయటినుండి ఆటగాండ్రను డబ్బిచ్చి తెచ్చుకొనుట మొదలగును. అప్పుడు చొక్కామీద ఊరి పేరుండును గాని, ఆ ఊరి పిల్లలు గీత బయట కూర్చుండి చూచుచుందురు. అట్టి ఆటకు పంచాయతీ సొమ్ము ఎందుకు ఖర్చు పెట్టవలెనో మాకు బోధపడదు.

దీనికి విరుగుడుగా ఇతర దేశములలో చిరకాలముగా నిలిచిన పద్ధతి ఒకటి కలదు. దానిని లీగు అందురు. లీగు అనగా కొన్ని ఊళ్ల జట్లు ముందుగా ఒక ఒడంబడిక చేసికొని, ప్రతి జట్టు మిగిలిన జట్లన్నింటితోను ఒక్కొక్కసారి, వీలున్నచో రెండేసిసార్లు, ఆడుట. ఓడినంతమాత్రమున ఎవరును వెళ్ళిపోరు. చివరివారము వరకు అందరును ఆడుదురు. ఆఖరున పాయింట్లు కూడి ఎవరిది మొదటి స్థానమో చెప్పుదురు.

ఎన్ని జట్లకు ఎన్ని ఆటలు? జట్ల సంఖ్యను దానికి ఒకటి తక్కువైన సంఖ్యతో హెచ్చవేసి, అందులో సగము తీసికొన్నచో చాలును. 8 జట్లకు 28 ఆటలు. 6 జట్లకు 15 ఆటలు. మొదటిసారి పూనుకొనువారికి ఆరు జట్లే మేలని మా అభిప్రాయము. వారమునకు మూడు ఆటల చొప్పున ఐదు ఆదివారములలో ముగిసిపోవును.

ఏ వారము ఎవరు ఎవరితో ఆడవలెనన్నది పలువురిని తికమకపెట్టును. దానికొక సులువైన ఉపాయము కలదు. జట్లకు 1 నుండి 6 వరకు చీట్లు తీసి అంకెలు ఇండు. పైవరుసలో 1, 2, 3 అనియు, క్రిందివరుసలో వాని క్రిందనే 6, 5, 4 అనియు వ్రాయుడు. ఎదురెదురుగా ఉన్నవారికి మొదటివారము ఆట: 1తో 6, 2తో 5, 3తో 4. తరువాత 1ని కదల్చక, మిగిలిన ఐదు అంకెలను గడియారపు ముల్లు తిరుగు దిశలో ఒక్కొక్క స్థానము జరుపుడు. రెండవవారము 1తో 5, 6తో 4, 2తో 3 వచ్చును. ఇట్లే జరుపుచు పోయినచో ఐదు వారములలో ప్రతివారును ప్రతివారితోను సరిగా ఒక్కసారి ఆడినట్లగును. ఐదు జట్లే చేరినచో ఆరవ అంకెను ఖాళీగా ఉంచుడు. ఆ అంకె ఎదుట పడిన జట్టుకు ఆ వారము విశ్రాంతి.

పాయింట్ల విషయమున ఒక మాట. గెలుపునకు 2, సమానమైనచో చెరి 1, ఓటమికి సున్న అనునది మన కబడ్డీ నియమావళిలోని పద్ధతి. రగ్బీ అను ఆటలో ఇంతకన్న ఉదారమైన లెక్క వాడుకలో ఉన్నది: గెలుపునకు 4, సమానమునకు 2, అయితే 7 పాయింట్లు లేక అంతకు తక్కువ తేడాతో ఓడిన జట్టుకు కూడ 1 ఇత్తురు. 2014లో మొదలయిన ప్రో కబడ్డీ పోటీలలో కూడ చాల సంవత్సరములు 7 పాయింట్ల లోపు ఓటమికి ఒక పాయింటు ఇచ్చినారు. దీని ఫలము చూడుడు. పది పాయింట్లు వెనుకబడిన జట్టు చివరి ఐదు నిమిషములలో చేతులు ముడుచుకొనదు. మూడు పాయింట్లు సంపాదించినను ఏదో కొంత దక్కునని పెనుగులాడును. గ్రామముల లీగునకు ఈ పద్ధతియే తగినదని మేము తలచుచున్నాము.

రగ్బీవారి తగవు

రగ్బీ పేరు తలచితిమి గనుక దానిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. కోడిగ్రుడ్డు ఆకారముగల బంతిని చేతబట్టుకొని ఎదిరిపక్షమువారి గీత దాటి నేల తాకించుట ఆ ఆట. జట్టునకు 15 మంది. బంతి పట్టినవానిని చేతులతో చుట్టి పడవేయుదురు. కూతకు వచ్చినవానిని పట్టుటలో మన పిల్లలు చూపు నేర్పునకు, దీనికి దగ్గర చుట్టరికమున్నది. ఇంగ్లండులో రగ్బీ యూనియను 1871లో ఏర్పడినది. మరుసటి సంవత్సరమే కలకత్తాలోని ఆంగ్లేయులు ఈ ఆట ఆడినారు. వారి క్లబ్బు 1878లో మూతపడినప్పుడు బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలను కరిగించి చేయించిన కప్పు కొరకే 1879 నుండి ఇంగ్లండు, స్కాట్లండు జట్లు ఆడుచున్నవి. మన రూపాయలు వారి కప్పుగా మారిన ముచ్చట ఇది. మనకు పొరుగుననున్న ఒడిషాలో భువనేశ్వరములోని కళింగ విద్యాసంస్థలో చదువు గిరిజన బాలురు 2007లో లండనుకు పోయి 14 సంవత్సరముల లోపు బాలుర పాఠశాలల పోటీలో గెలిచి వచ్చినారు.

ఈ ఆట చరిత్రలో పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన ఘట్టము 1895 నాటిది. ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైరు, లాంకషైరు ప్రాంతములలో ఆటగాండ్రు చాలమంది బొగ్గుగనులలోను, నూలుమిల్లులలోను పనిచేయు కూలీలు. శనివారము కూడ వారికి పనిదినమే. ఆటకు పోయినచో ఆనాటి కూలి పోవును. దెబ్బ తగిలినచో వారముల తరబడి పోవును. పోయిన కూలి మాత్రము ఇప్పించుడని ఉత్తరాది క్లబ్బులు అడిగినవి. లండనులోని పెద్దలు, ఆటకు డబ్బు పుచ్చుకొన్నచో అది వినోదమెట్లగునని కాదన్నారు. ఆ పెద్దలలో చాలమందికి శనివారము కూలి పోవు బాధ లేదు. ఆ సంవత్సరము ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డు పట్టణములోని ఒక హోటలులో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై విడిపోయినవి. ఒక ఆట రెండు ఆటలైనది. విడిపోయినవారి ఆటకే తరువాత రగ్బీ లీగు అను పేరు వచ్చినది. యూనియనువారు మాత్రము నూరేండ్లు పట్టుపట్టి 1995లో ఆటగాండ్రకు డబ్బు చెల్లింపును అంగీకరించినారు. లీగు పద్ధతి పెట్టినచో వెనుకనే డబ్బు వచ్చునన్న శంకతో, తమ క్లబ్బులకు దేశవ్యాప్తమైన లీగును కూడ 1987 వరకు ఏర్పరుపలేదు.

ఈ కథ మనకెందుకన్నచో, కోనసీమలో చెడుగుడు ఆడు యువకులెవరో తలచుకొనుడు. వారిలో కొబ్బరి దింపు కార్మికులు ఉన్నారు, పీచు తీయువారు ఉన్నారు, చేపల చెరువులమీద పనిచేయువారు, ఆటో నడుపువారు ఉన్నారు. దింపు కార్మికునకు మణికట్టు బెణికినచో చెట్టెక్కలేడు. చెట్టెక్కనినాడు పొయ్యి వెలుగుట కష్టము. హడర్స్‌ఫీల్డులో తగవు తెచ్చిన ప్రశ్న ఇదే. ఆటకు జీతము ఇచ్చుట వేరు, ఆటవలన పోయిన కూలికి అండగా నిలుచుట వేరు. మొదటిది ఊరి ఆటను సంతగా మార్చును. రెండవది లేనిచో బీదవాని తల్లి అతనిని ఆటకు పంపదు. పంపకుండుటలో ఆమె తప్పు కూడ లేదు.

కావున లీగు ఒడంబడికలో మొట్టమొదట వ్రాసికొనవలసినది దెబ్బల నిధి. ప్రతి జట్టు ప్రతి ఆటకు 100 రూపాయలు వేసినచో, ఆరు జట్లు ఐదేసి ఆటలకు 3,000 రూపాయలగును. ఇది చాలదు. కాని మన ఊళ్లలో బహుమతులిచ్చు దాతలకు కొదవ లేదు. పది వేలు ఇత్తునన్న దాతను, కప్పునకు ఐదువేలు చాలును, మిగిలిన ఐదువేలు నిధికి వ్రాయుడని అడుగుటకు పంచాయతీ పెద్దలు మొగమాటపడరాదు. దానితో ఎముక విరిగినవాని కుటుంబము ఆరువారములు సుఖముగా గడుపుననము; బియ్యము వరకైన తెచ్చుకొనగలరు. ఇంతేకాక, ఆటగాండ్రలో 18 నిండినవారందరిచేతను ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేర్పించుడు. 2022 జూన్ నుండి దాని రుసుము ఏటికి 20 రూపాయలు. ప్రమాదవశమున మరణము గాని పూర్తి శాశ్వత వైకల్యము గాని కలిగినచో 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యమునకు లక్ష వచ్చును. నయమగు దెబ్బకు, పోయిన కూలికి ఇందులో ఏమియు రాదు. అందుకే నిధి వేరుగా కావలెనని చెప్పుచున్నాము.

స్థలము మాట

లీగునకు స్థలము కావలెను. కోనసీమలో అన్నింటికన్న కష్టమైనది ఇదియే. గోదావరి పాయల నడుమ ఉన్న ఈ నేలలో సెంటు భూమి ఊరక పడియుండదు. కొబ్బరో, వరియో, అరటియో, చెరువో ఏదో ఒకటి ఉండును. మిగిలినది హైస్కూలు ఆవరణ, గుడి ముంగిలి, చెరువుగట్టు.

సముద్రముల కావల ఫిజీ దీవులలో కూడ కొబ్బరిచెట్లే, నీటి నడుమ ఊళ్లే. 1903 నుండి మదరాసు రేవులో ఓడలెక్కి చెరకుతోటలలో ఒప్పందపు కూలీలుగా అక్కడకు పోయినవారిలో గోదావరి, విశాఖపట్టణము జిల్లాల తెలుగువారును ఉన్నారు. వారి సంతతివారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును స్థాపించుకొన్నారు. భారతీయులు అక్కడ ఎక్కువగా కాలిబంతి ఆడుదురు. స్థానిక ఫిజీవారి ఆట రగ్బీ. వారి పల్లెలలో ఇండ్ల నడుమ పచ్చిక మైదానమొకటి ఊరుమ్మడిగా విడిచియుంచుట ఆచారము. సభలు జరుగునది అక్కడనే, సాయంకాలము పిల్లలు బంతిపట్టి పరుగెత్తునది అక్కడనే. జనాభా పది లక్షలు కూడ లేని ఆ దేశము 2016లో రియో ఒలింపిక్సులో ఏడుగురి రగ్బీ తుదిపోటీలో బ్రిటను జట్టును 43–7 తేడాతో ఓడించి స్వర్ణపతకము పొందినది. ఆ దేశమునకు ఏ ఆటలోనైనను వచ్చిన తొలి ఒలింపిక్ పతకము అదియే. తరువాత టోక్యోలో మరల గెలిచినది. ఆ జయమునకు కారణములు పెక్కు ఉండవచ్చును. ఊరి నడుమ ఎవరును ఆక్రమించుకొనని ఆ పచ్చిక వానిలో ఒకటి.

చెడుగుడునకు అంత మైదానము అక్కరలేదు. మన అదృష్టమది. పురుషుల ఆటకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు చాలును. స్త్రీలకు 12 మీటర్లు, 8 మీటర్లు. చుట్టును నాలుగైదు మీటర్లు ఖాళీ విడిచినను ఆరేడు వందల చదరపు గజములకు మించదు. ఇంతపాటి స్థలము పంచాయతీ ఉమ్మడి భూమిలో ఎక్కడనో దొరకకపోదు. దొరికినప్పుడు సర్వే చేయించి, హద్దురాళ్లు పాతించి, ఆటస్థలమని తీర్మానపు పుస్తకములో వ్రాయించుడు. తీర్మానము లేని ఖాళీస్థలము రెండేండ్లకు ఇసుకగుట్టగానో, ఎవరిదో కొట్టముగానో మారుట మనమెరుగనిది కాదు. రాజ్యాంగములోని పదకొండవ షెడ్యూలు పంచాయతీలకు అప్పగింపదగినవిగా చెప్పిన 29 అంశములలో చివరిది ఉమ్మడి ఆస్తుల సంరక్షణ. ఆటస్థలము అట్టి ఆస్తియే. ఏటేటా గ్రామసభలో వేయు అభివృద్ధి ప్రణాళికలో దీని నిర్వహణకు ఒక పద్దు ఉండవలెను.

నేల మెత్తగా ఉండవలెను. చాపలు కొనలేనిచోట మట్టి త్రవ్వి, జల్లించి, రాళ్లు, పెంకులు, గాజుముక్కలు, కొబ్బరి చిప్పలు ఏరివేసి, ఎరువు, రంపపుపొట్టు కలిపి చదునుచేయుడు. ఆటకు ముందురోజు నీరు చిలుకరించుడు. ఈ పని ఇరుపక్షముల పిల్లలచేతనే చేయించుట మేలు. తాను జల్లించిన మట్టిలో సీసాపెంకు పారవేయుటకు ఎవనికిని చేయి రాదు.

ఆడించువారు, ఆడువారు

మధ్యవర్తి ఎవరన్నదానిపై పోట్లాటలు పుట్టుచున్నవి. ఇంగ్లండులో రగ్బీ మధ్యవర్తులకు వేరే సంఘములు కలవు. క్లబ్బులు తమ మధ్యవర్తిని తాము ఎన్నుకొనవు, సంఘమువారే పంపుదురు. మన మండలములోని ఉన్నత పాఠశాలల వ్యాయామోపాధ్యాయులను ఒకచోట కూర్చి, ఆ రెండు ఊళ్లకును చెందని డ్రిల్లు మాష్టరుగారిని ఆటకు పంపు ఏర్పాటు చేసికొన్నచో చాలును. వారి ప్రయాణపు ఖర్చు లీగు భరించవలెను. వారి మాటకు తిరుగు లేదని ఆరు ఊళ్ల పెద్దలును ముందే సంతకము చేయవలెను.

తలకు దెబ్బ తగిలి తూలినవానిని, తెలివి తప్పినవానిని ఆనాడు తిరిగి ఆటలోనికి పంపరాదు. రగ్బీవారు ఈ నియమమును చాల అనుభవించి నేర్చుకొన్నారు. మెడ నొప్పియన్నవానిని, కాలుచేతులు తిమ్మిరియన్నవానిని నలుగురు కూడి లేవనెత్తరాదు. కదలనీయక పడుకొనబెట్టి 108కి కబురుచేయవలెను. లంకలలో ఆడునపుడు ఆట ముగియువరకు ఒక పడవ రేవులో సిద్ధముగా ఉండవలెను. దీనికి మినహాయింపు లేదు.

జట్టులో ఎవరుండవలెను? ఆ పంచాయతీలో నివసించువారు, అంతే. బయటినుండి వచ్చినవారు వలదు. జట్టునకు 12 మంది పేర్లు పోటీలు ఆరంభము కాకముందే పంచాయతీ కార్యాలయములో అంటించుడు. ఇంకొక సంగతి మొగమాటము లేక చెప్పవలెను. పేటకొక జట్టు, కులమునకొక జట్టు అయి, ఒకే ఊరిలో రెండు చొక్కాలు తిరుగుచున్నచో ఆట కన్న ప్రమాదమే ఎక్కువ. ఊరికి ఒకటే జట్టు ఉండవలెను; అందులో అన్ని పేటల పిల్లలును ఉండవలెను. ఏడుగురు చేతులు గొలుసుగా పట్టుకొని కూతగానిని ఆపవలసిన ఆట ఇది. ప్రక్కవాని చేయి పట్టుకొననివాడు ఈ ఆటకు పనికిరాడు.

బాలికల జట్ల విషయమున జంకు వలదు. కబడ్డీలో పురుషుల జాతీయపోటీలు 1952లో మదరాసులో మొదలుకాగా, స్త్రీల పోటీలు మూడేండ్లకే 1955లో కలకత్తాలో జరిగినవి. ఆసియా క్రీడలలో 1990లో పురుషులకు, 2010లో స్త్రీలకు ఈ ఆటలో పతకములు ఏర్పడినవి. పంచాయతీ స్థానములలో సగము స్త్రీలవి. ఆటస్థలములో మాత్రము వారికి వేళ దొరకుట లేదు. వారమునకు కొన్ని సాయంకాలములు బాలికలకని బోర్డుమీద వ్రాయించినచో సగము పని అయినట్లే.

అమలాపురమున జన్మించిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో చిరాగ్ శెట్టితో కూడి బ్యాడ్మింటనులో స్వర్ణపతకము గెలిచినపుడు జిల్లా అంతయు సంతోషించినది. అట్టి ప్రతిభ గలవాడు ఊరు విడిచి పెద్ద శిక్షణాలయమునకు పోవలసినదే. మేము చెప్పు లీగు ఊరిలో ఉండిపోవు మిగిలినవారి కొరకు.

ఊళ్లన్నియు కలిసి ఒక నియమమునకు కట్టుబడునా అని సందేహించువారు కలరు. కనుమనాడు జగ్గన్నతోటలో జరుగు ప్రభల తీర్థమును తలచుకొనుడు. మొసలపల్లి, వ్యాఘ్రేశ్వరము, గంగలకుర్రు మున్నగు పదకొండు గ్రామములనుండి ప్రభలు చేలమీదుగా, కాలువ దాటి వచ్చి ఒక తోటలో చేరుచున్నవి. ఏ ఊరి ఏర్పాట్లు ఆ ఊరివి. 2023 గణతంత్ర దినోత్సవమునాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటము ఈ తీర్థమునే చూపినది. పదకొండు ఊళ్లు ఏటేటా ఒక దినమునకు కూడగలిగినచోట, ఆరు ఊళ్లు ఐదు ఆదివారములకు కూడలేవా? 2023 డిసెంబరులో మొదలయిన ఆడుదాం ఆంధ్రా పోటీలలో కబడ్డీ ఒకటిగా ఉండుటచే గ్రామ సచివాలయము స్థాయిలోనే జట్లు కూర్చబడినవి. ఆ పోటీలు 2024 ఫిబ్రవరిలో ముగిసినవి. ఆనాటి ఆటగాండ్రు మాత్రము ఊళ్లలోనే ఉన్నారు. జాబితాకు వారితో మొదలుపెట్టవచ్చును.

కాలము విషయమున మా సూచన ఇది. గోదావరి వరదల నెలలు, తుపానుల నెలలు వలదు. మార్చిలో పదవతరగతి పరీక్షలు, ఏప్రిలులో దాళ్వా కోతలు. సంక్రాంతి గడచి దాళ్వా నాట్లు ముగిసిన పిదప, జనవరి చివరి ఆదివారము మొదలుకొని ఐదు వారములు తెరపిగా ఉండును. ఆట సాయంకాలము నాలుగు గంటలకు పెట్టినచో ఉదయము దింపునకు పోయినవాడు కూడ స్నానముచేసి వచ్చి ఆడగలడు, కూలి పోదు.

రగ్బీవారివద్ద మనకు నచ్చిన ఆచారము మరియొకటి కలదు. ఆట ముగియగానే ఇంటిజట్టు వచ్చిన జట్టునకు భోజనము పెట్టును. అంతవరకు మట్టిలో దొర్లినవారు ఒకే బల్లమీద కూర్చుందురు. అతిథిమర్యాద మన సీమవారికి ఒకరు నేర్పవలసినది కాదు. పప్పు, పులుసు, పెరుగుతో ఇరువదినాలుగు విస్తళ్లు వేయుటకు ఆతిథ్యమిచ్చు ఊరికి బరువు కాదు.

ఇందుకు పూనుకొనదలచిన పంచాయతీలు అక్టోబరు గ్రామసభలోనే స్థలము తీర్మానము చేసికొని, నవంబరులో ఆరు ఊళ్ల సర్పంచులు ఒకచోట కూర్చుండి చీట్లు తీయవలెను. ఐదు వారముల పట్టికను పంచాయతీ కార్యాలయములోను, పాఠశాలలోను, లంక ఊళ్లున్నచో రేవుదగ్గర టిక్కెట్టు పాకకును అంటింపవలెను.